వ్యవసాయ సలహా ఏజెంట్లకు టూల్ వివరణల రచన: పాటించవలసిన పద్ధతులు

రైతుల ప్రశ్నలకు సమాధానమిచ్చే కృత్రిమ మేధ ఏజెంట్ అన్ని పనులనూ స్వయంగా చేయదు. ఎరువుల లెక్క, వర్షపాత వివరాలు, మార్కెట్ ధరలు వంటి వాటి కోసం అది బయటి ప్రోగ్రాములను పిలుస్తుంది. వీటినే టూల్స్ అంటారు. ఏ టూల్‌ను ఎప్పుడు పిలవాలో, దానికి ఏ విలువలు అందించాలో నిర్ణయించేది ఏజెంట్‌లోని భాషా నమూనా. ఆ నమూనాకు సాధారణంగా ప్రోగ్రాం లోపలి కోడ్ కనిపించదు. టూల్ పేరు, వివరణ, ఇన్‌పుట్ల జాబితా మాత్రమే కనిపిస్తాయి. కనుక వివరణలోని అస్పష్టత నేరుగా సలహాలోని దోషంగా మారుతుంది. వివరణ రాయడానికి కోడ్ పరిజ్ఞానం కన్నా విషయ పరిజ్ఞానమే ముఖ్యం కాబట్టి, ఈ బాధ్యతలో విస్తరణ శాస్త్రవేత్తలకు ప్రధాన పాత్ర ఉంది.

అస్పష్ట వివరణ – ఫలితాలు

ఒక టూల్‌కు ఈ విధమైన వివరణ ఉన్నదనుకుందాం: "ఎరువుల మోతాదు లెక్కిస్తుంది. ఇన్‌పుట్లు: నత్రజని, భాస్వరం, విస్తీర్ణం."

ఇందులో కొలమానాలు లేవు. హెక్టారుకు 120 కిలోల నత్రజని, 60 కిలోల భాస్వరం (పి2ఓ5) సిఫారసు అయిన సందర్భాన్ని తీసుకుందాం. 46 శాతం భాస్వరం గల డిఎపి 130 కిలోలు అవసరం. డిఎపిలో 18 శాతం నత్రజని కూడా ఉన్నందున దాని ద్వారా సుమారు 23.5 కిలోల నత్రజని అందుతుంది. మిగిలిన 96.5 కిలోలకు 46 శాతం నత్రజని గల యూరియా హెక్టారుకు 210 కిలోలు, అంటే ఎకరానికి 85 కిలోలు సరిపోతుంది. హెక్టారు సిఫారసును ఏజెంట్ ఎకరానికి అన్వయిస్తే యూరియా దాదాపు రెండున్నర రెట్లు పెరుగుతుంది. డిఎపి నత్రజనిని తగ్గించకపోతే హెక్టారుకు 51 కిలోల యూరియా అదనంగా పడుతుంది. రెండు సందర్భాలలోనూ సమాధానం చక్కని వాక్యాలలోనే వస్తుంది కనుక రైతుకు అనుమానం కలగదు.

సవరించిన వివరణ

"పొలానికి కావలసిన యూరియా, డిఎపి పరిమాణాన్ని కిలోలలో లెక్కిస్తుంది. సిఫారసు మోతాదు ముందే తెలిసినప్పుడు మాత్రమే వాడాలి. మోతాదును ఈ టూల్ నిర్ణయించదు. నత్రజని: హెక్టారుకు కిలోలు. భాస్వరం: హెక్టారుకు కిలోలు, పి2ఓ5 రూపంలో. విస్తీర్ణం: ఎకరాలలో, గుంటలైతే 40తో, సెంట్లైతే 100తో భాగించి ఇవ్వాలి. డిఎపి ద్వారా అందే నత్రజనిని తగ్గించిన తరువాతి యూరియా లెక్కనే ఇస్తుంది, మళ్లీ తగ్గించరాదు. విస్తీర్ణం తెలియకపోతే ఊహించక రైతును అడగాలి."

ఈ వివరణ ఐదు ప్రశ్నలకు సమాధానమిస్తుంది: టూల్ ఏమి చేస్తుంది, ఎప్పుడు వాడాలి, ఏమి చేయదు, ప్రతి విలువ ఏ కొలమానంలో ఉండాలి, సమాచారం లోపిస్తే ఏమి చేయాలి. ఏ టూల్ వివరణకైనా ఈ ఐదూ కనీస అంశాలు.

దగ్గరి పోలిక గల టూల్స్

ఒకే ఏజెంట్‌లో వర్ష సూచన, నమోదైన వర్షపాతం అనే రెండు టూల్స్ ఉంటే ప్రతి వివరణలోనూ రెండవదానితో గల తేడాను తెలపాలి. భారత వాతావరణ శాఖ రోజువారీ వర్షపాతం ఉదయం 8.30 గంటలతో ముగిసే 24 గంటలకు సంబంధించినది. ఈ విషయం రాయకపోతే నిన్న మధ్యాహ్నం కురిసిన వానను ఏజెంట్ ఈనాటిదిగా చెప్పే ప్రమాదం ఉంది. అలాగే "వర్షపాతం సున్న", "సమాచారం అందలేదు" అనే రెండు ఫలితాలు వేరువేరని స్పష్టం చేయాలి. ధరల టూల్ విషయంలో వచ్చే సంఖ్య కనిష్ఠ ధరా, గరిష్ఠ ధరా, మోడల్ ధరా, క్వింటాలుకా అన్నది తెలపాలి. కనీస మద్దతు ధర కోసం ఆ టూల్‌ను వాడరాదని కూడా చేర్చాలి.

పరీక్షించే విధానం

రైతులు సహజంగా అడిగే ప్రశ్నలను వారి మాటలలోనే సేకరించి మూడు వర్గాలుగా విభజించాలి: టూల్‌ను తప్పక పిలవవలసినవి, పిలవకూడనివి, పిలిచే ముందు రైతును తిరిగి అడగవలసినవి. చివరి సమాధానాన్నే కాక, ఏజెంట్ ఏ టూల్‌ను ఏ విలువలతో పిలిచిందో కూడా పరిశీలించాలి. పొరపాటు కనిపించిన చోట వివరణలోని సంబంధిత వాక్యాన్ని సవరించి, అన్ని ప్రశ్నలనూ మళ్లీ పరీక్షించాలి. ఒక వాక్యం మార్పు ఇతర ప్రశ్నలపై కూడా ప్రభావం చూపవచ్చు.

ముగింపు

వివరణ ఎంత స్పష్టంగా ఉన్నా అది రక్షణ కవచం కాదు. అసంభవమైన మోతాదులను, విస్తీర్ణాలను ప్రోగ్రామే తిరస్కరించి, కారణాన్ని తెలపాలి. సిఫారసులు మారినప్పుడు కోడ్‌తో పాటు వివరణనూ సవరించాలి. కొత్తగా చేరిన క్షేత్ర సహాయకుడు ఆ వివరణను మాత్రమే చదివి లెక్కను సరిగా చేయగలిగితే, అది ఏజెంట్‌కు ఇవ్వదగిన స్థాయికి చేరినట్లు భావించి పరీక్షకు పంపవచ్చు.