ఇంజను ఎందుకు కుంటుతోంది?

వరి చిరుపొట్ట మీద ఉంది. ఇప్పుడు నీరు తప్పితే గింజ తాలుపోతుంది. వాగు గట్టున ఆయిలింజను నడుస్తోంది. ఉన్నట్టుండి దాని చప్పుడు మారింది. ఆగి ఆగి కొడుతోంది. ఇంజను మొత్తం అదురుతోంది. పైపులో నీటి ధార సన్నబడింది.

మెకానిక్ పట్నంలో ఉన్నాడు. ఇంజను దగ్గర అత్తా, కోడలూ ఉన్నారు.

"మనకేం తెలుస్తుందే అమ్మాయీ!" అంది అత్త.

"చూస్తే తెలుస్తుంది అత్తయ్యా. ముందు ఆపుదాం" అంది కోడలు.

కోడలు చెప్పింది నిజమే. ఇంజను లోపల ఏం జరుగుతుందో తెలిస్తే జబ్బు ఎక్కడుందో కొంతవరకు మనమే పట్టుకోవచ్చు.

ఇంజను ఎలా నడుస్తుంది?

సైకిలు పంపుతో గాలి కొట్టారా? కొట్టేకొద్దీ పంపు అడుగు వేడెక్కుతుంది. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. డీజిల్ ఇంజనులో జరిగేదీ అదే. లోపలి గాలిని సుమారు 16 నుంచి 20 వంతుల్లో ఒక వంతుకు నొక్కుతుంది. గాలి వేడి 500 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడి గాలిలోకి నాజిల్ డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్ముతుంది. నిప్పు పెట్టకుండానే అది మండుతుంది.

రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరు 1897లో జర్మనీలో ఇలాంటి ఇంజనును నడిపి చూపించాడు. ఆయన పేరే ఇంజనుకు, నూనెకు వచ్చింది.

అంటే ఇంజనుకు రెండు కావాలి. శుభ్రమైన గాలి, శుభ్రమైన డీజిల్. ఇంజను నెలల తరబడి మెల్లగా బలం తగ్గితే లోపలి భాగాలు అరిగి ఉండవచ్చు. ఉన్నట్టుండి కుంటితే ముందుగా గాలినీ, డీజిల్‌నూ చూడాలి.

పొగ ఏం చెబుతుంది?

నల్ల పొగ: గాలి చాలడం లేదు. లేదా బరువు ఎక్కువైంది. నాజిల్ చెడినా నల్ల పొగ వస్తుంది.

తెల్ల పొగ: డీజిల్ సరిగా మండడం లేదు. అందులో నీళ్లు కలిసి ఉండవచ్చు. చలి పొద్దున కాసేపు వస్తే భయం లేదు.

నీలం పొగ: ఇంజను ఆయిల్ మండుతోంది. మెకానిక్‌ను పిలవాలి.

వరసగా ఏం చూడాలి?

1. ఇంజను ఆపండి. చల్లారనివ్వండి. పంపు చక్రం చేత్తో తిప్పండి. తిరగకపోతే తప్పు పంపులో ఉండవచ్చు. చెత్త పట్టిందేమో చూడండి.

2. ట్యాంకులో డీజిల్ ఉందా? ట్యాంకు మూతకు చిన్న కన్నం ఉంటుంది. అది మూసుకుపోతే డీజిల్ సరిగా దిగదు.

3. ట్యాంకు అడుగు నుంచి కొంచెం డీజిల్‌ను గాజు సీసాలోకి పట్టండి. కాసేపు కదపకండి. నీళ్లు డీజిల్ కన్నా బరువు. అడుగున వేరే పొరగా నిలుస్తాయి.

అత్తా కోడళ్లు ఇలాగే చూశారు. సీసా అడుగున రెండు వేళ్ల మందాన నీళ్లు! డీజిల్ డబ్బా మూత లేకుండా వానలో ఉండిపోయింది. నీళ్లు వంచేశారు. మంచి డీజిల్ పోశారు.

4. డీజిల్ ఫిల్టర్‌లో మడ్డి పట్టిందా? పడితే కొత్తది వేయాలి.

5. గాలి ఫిల్టర్ దుమ్ముతో నిండిందా? శుభ్రం చేయాలి.

6. ట్యాంకు ఒట్టిపోయినా, ఫిల్టర్ విప్పినా పైపులో గాలి చేరుతుంది. గాలి నలుగుతుంది కాబట్టి నాజిల్‌కు డీజిల్ బలంగా అందదు. ట్యాంకు ఎత్తున ఉన్న ఇంజనుకు, ఫిల్టర్ మీది స్క్రూను పానాతో కొంచెం వదులు చేయండి. డీజిల్ బుడగలతో వస్తుంది. బుడగలు ఆగాక బిగించండి. కారిన డీజిల్ తుడిచేయండి.

ఇవన్నీ చూసినా కుంటుతుంటే నాజిల్, పంపు పని మెకానిక్‌ది. అప్పుడు "నీళ్లు లేవు, ఫిల్టర్ కొత్తది, గాలి తీశాం" అని చెప్పండి. అతని పని తగ్గుతుంది. అక్కర్లేని ఖర్చూ తగ్గుతుంది.

జాగ్రత్త!

నడుస్తున్న ఇంజను నాజిల్ పైపు విప్పకండి. ఆ తుంపర చర్మంలోకి దూరుతుంది. సూది పోటంత గాయమైనా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. కొంగు బిగించండి, జడ ముడి వేయండి. బెల్టు లాగేస్తుంది. మూసిన గదిలో, బావి లోపల ఇంజను నడపకండి. దాని పొగ ప్రాణం తీస్తుంది. ఇంజను లోపల గట్టిగా టకటక కొడితే అక్కడే ఆపేయండి.

చదివి చెప్పండి

1. డీజిల్ ఇంజనులో నిప్పు లేకుండా డీజిల్ ఎలా మండుతుంది?

2. డీజిల్‌లో నీళ్లు కలిశాయని ఎలా తెలుసుకోవాలి?

3. ఖాళీ పూరించండి: నీలం పొగ వస్తే ........... మండుతోంది.

4. మీ ఊళ్లో ఇంజను దగ్గరకు నలుగురూ కలిసి వెళ్లండి. ట్యాంకు, ఫిల్టర్, నాజిల్ ఎక్కడున్నాయో చూడండి. పేర్లు పలకమీద రాయండి.