గురుకులంలో చూపు పరీక్ష: కొత్తగా చేరిన స్టాఫ్ నర్సుకు లేఖ



ఒక కంటి చూపు మందగించినప్పుడు, ఆ కంటి నుంచి వచ్చే మసక బొమ్మను మెదడు క్రమంగా పట్టించుకోవడం మానేస్తుంది. వైద్యులు ఆంబ్లియోపియా అనీ, వాడుకలో సోమరి కన్ను అనీ పిలిచే ఈ స్థితికి చికిత్స ఏడెనిమిదేళ్ల లోపు బాగా ఫలించి, ఆపైన ఫలితం తగ్గుతూ పోతుంది. గురుకులంలో ఐదో తరగతికి వచ్చే పిల్లలకు అప్పటికే పదేళ్లు దగ్గరపడుతుంటాయి గనుక, వార్షిక శిబిరం కోసం ఎదురుచూడకుండా, ప్రవేశాలు ముగిసిన నెలలోపే ఆ తరగతి మొత్తానికి పరీక్ష జరపడం నర్సు విధి. బోర్డు కనిపించక పిల్ల కళ్లు చికిలిస్తే ఇంట్లో తల్లి గమనిస్తుంది. హాస్టల్లో ఆ చూపు నర్సుదే కావాలి.

డచ్ వైద్యుడు హెర్మన్ స్నెలెన్ 1862లో రూపొందించిన చార్టునే ఈ పరీక్షకు నేటికీ వాడుతున్నారు. అక్షరాలు చదవడంలో తడబడే పిల్లలకు, ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరాన్ని నాలుగు దిక్కులకు తిప్పి ముద్రించిన చార్టు మేలు. దాని కాళ్లు ఎటు తిరిగాయో పిల్ల చేతితో చూపితే చాలు. ఆరు మీటర్ల దూరాన్ని అంచనాతో కాక టేపుతో కొలిచి నేల మీద గీత గీయాలి. చూపు 6/9 అంటే మామూలు కన్ను 9 మీటర్ల నుంచి చదవగలిగిన వరుసను ఈ కన్ను 6 మీటర్ల నుంచి మాత్రమే చదవగలుగుతోందని అర్థం. కిటికీ వెలుగు చార్టు మీద పడాలే తప్ప పిల్ల కళ్లలో పడకూడదు.

అసలు పొరపాటు జరిగేది ఒక కంటిని పరీక్షించేందుకు రెండో కన్ను మూసే దగ్గర. వేళ్లతో మూస్తే సందుల్లోంచి మంచి కన్ను చూస్తుంది, గట్టిగా నొక్కితే కాసేపు ఆ కన్నే మసకబారుతుంది. అందువల్ల అరచేతిని దోసిలిలా వంచి, నొక్కకుండా కప్పించాలి. వరుసలో వెనక నిలబడ్డ పిల్లలు ముందువారి జవాబులు విని బట్టీపట్టడం కూడా మామూలే కాబట్టి, ఒక్కొక్కరినే గదిలోకి పిలవడం ఉత్తమం. వెలుగు సన్నటి రంధ్రం గుండా మాత్రమే చేరే పిన్‌హోల్‌లోంచి చూసినప్పుడు వరుసలు స్పష్టమైతే, లోపం చాలావరకు కళ్లద్దాలతో సరిదిద్దదగినదని భావించవచ్చు. అయితే దూరదృష్టి దోషమున్న పిల్ల కంటి కండరాలను బిగించి చార్టు మొత్తం చదివేయగలదు. చదువుతుంటే తలనొప్పి అనే పిల్లను, చార్టు బాగా చదివినా, కంటి వైద్యుల దగ్గరికి పంపవలసిందే.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం సంచార బృందాలు వచ్చినప్పుడు, ఏ కంటికి ఎంత చూపో రెండు గళ్లలో విడివిడిగా రాసిన రిజిస్టరు చూపగలిగితే వారి పని సగం తగ్గుతుంది. పరీక్ష చేశామన్న లెక్క కంటే కళ్లద్దాలు ఎందరి ముఖాన ఉన్నాయన్న లెక్కే ముఖ్యమని ఈ లేఖకురాలి అభిప్రాయం, ఎందుకంటే ‘సోడాబుడ్డి’ అని తోటివారు ఎగతాళి చేసిన మర్నాడే అవి ట్రంకు పెట్టె అడుగుకు చేరతాయి. నెలకోసారి తరగతి గదికి వెళ్లి చూడాలి. వదులైన కాడలు బిగించేందుకు చిన్న స్క్రూడ్రైవరు ఒకటి మందుల బీరువాలో ఉంచుకోవాలి.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక నర్సు