ఇంటికి గాలిమర ఎంత దూరం? పోటీ పరీక్షల ప్రత్యేకం

గాలిమరల ప్రశ్న అనంతపురం, కర్నూలు వైపు నుంచి వస్తుంది.

మూలం: కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ మార్గదర్శకాలు, 2016 అక్టోబరు 22. ఇది చట్టం కాదు; ఆప్షన్లలో 'చట్టం' కనిపిస్తే జాగ్రత్త.

నివాసానికి కనీస దూరం 500 మీటర్లు. కారణం: శబ్దం.

రోడ్లు, రైలు మార్గాలు, భవనాలు, అత్యధిక వోల్టేజీ (ఈహెచ్‌వీ) లైన్లకు సూత్రం వేరు: హబ్ ఎత్తు + రోటర్ వ్యాసంలో సగం + 5 మీటర్లు. హబ్ 120, వ్యాసం 120 అయితే 120+60+5=185 మీటర్లు. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు: వ్యాసం మొత్తం కలిపేసి 245 అంటారు. ఇల్లు అని అడిగితే లెక్కే అక్కర్లేదు, 500.

శబ్ద కాలుష్య నిబంధనలు, 2000: నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10. మాతృ చట్టం: పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986.

కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో (2016) పవన విద్యుత్తుది తెలుపు వర్గం. 'ఆకుపచ్చ' అనేది ఎర.

రాజ్యాంగంలో విద్యుత్తు: ఉమ్మడి జాబితా, 38వ అంశం. పర్యావరణం: 48ఎ, 51ఎ(జి) అధికరణలు. జాతీయ పవన శక్తి సంస్థ: చెన్నై.

పోలండ్‌లో ఇళ్లకు కనీస దూరం: 2016లో టర్బైన్ ఎత్తుకు 10 రెట్లు, 2023లో 700 మీటర్లకు సడలింపు. గ్రూప్-1 మెయిన్స్‌లో పోలికకు పనికొస్తుంది.