యాసంగి పైరు: ముందు లెక్క, తర్వాతే మందు

ప్రశ్న: సంక్రాంతి ముందు నాటేసిన. కూనారం సన్నాలు, మూడెకరాలు. ఇప్పుడు అక్కడక్కడ మొవ్వులు ఎండుతున్నయి. షాపాయన గుళికలతోపాటు ఇంకో రెండు మందులు కలిపి కొట్టాలంటున్నడు. కొట్టమంటారా?
– ఒక రైతు, మానకొండూరు మండలం

జవాబు: ఎండిన మొవ్వును రెండు వేళ్లతో పట్టి మెల్లగా పైకి లాగండి. సులువుగా ఊడి వచ్చి, అడుగున కొరికినట్టు కుళ్లి ఉంటే అది మొగి పురుగు పనే. పిలకను నిలువునా చీల్చితే లోపల పురుగు దొరకొచ్చు.

ఇక లెక్క. గట్టు మీద నిలబడి చూస్తే సగం పొలం పోయినట్టే అనిపిస్తుంది. మడిలోకి దిగి, ఆ మూల నుంచి ఈ మూలకు నడుస్తూ ఇరవై కుదుళ్ల దగ్గర ఆగండి. పిలకలెన్ని, చచ్చిన మొవ్వులెన్ని అని రాసుకోండి. నూటికి ఐదు దాటితేనే మందు. అంతకన్నా తక్కువైతే, ఈ దశలో వరి కొత్త పిలకలు వేసి ఆ నష్టాన్ని తానే పూడ్చుకుంటుంది. అయితే చదరపు మీటరుకు ఒక రెక్కల పురుగుగానీ, ఆకు కొసన ఒక గుడ్ల కుప్పగానీ ఉంటే మాత్రం ఆలస్యం వద్దు. ఆ గుడ్ల మీద గోధుమ రంగు నూగు కప్పి ఉంటుంది కాబట్టి గుర్తుపట్టడం కష్టం కాదు. ఎకరానికి మూడు లింగాకర్షక బుట్టలు పెట్టుకుంటే పురుగు రాక ముందే తెలుస్తుంది. వారంలో ఒక్కో బుట్టలో పాతిక, ముప్పై పడ్డాయంటే సిద్ధం కావాలి.

లెక్క దాటితే ఎకరానికి కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 4జి గుళికలు 8 కిలోలు ఇసుకలో కలిపి, పలుచగా నీరు నిలిపి చల్లండి. రెండు రోజులు ఆ నీరు బయటికి పోనీయవద్దు. చిరుపొట్ట దశ దాటాక గుళికలతో ఫలితం రాదు. అప్పుడు కార్టాప్ 50 ఎస్‌పి లీటరుకు 2 గ్రాములు పిచికారీ చేయాలి. తెల్ల కంకులు బయటపడ్డాక ఏ మందూ వాటిని బతికించదు. అందుకే నెల రోజుల పైరు దగ్గరే మీ కన్ను ఉండాలి.

మిగతా రెండు మందులు కొనకండి. అవసరం లేకుండా కొట్టే మందులతో దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు చస్తాయి. వరి ఈనే నాటికి సుడిదోమ విజృంభించడానికి అదొక కారణం.

ప్రశ్న: నాటేసి నెలవుతున్నా వరి ఎదగడం లేదు. ఆకుల మీద తుప్పు మచ్చలు. అగ్గి తెగులేనా? ఇంకో బస్తా యూరియా వేయాలా?
– జగిత్యాల జిల్లా

జవాబు: పై నుంచి మూడు, నాలుగో ఆకు చూడండి. ఈనెకు రెండు పక్కలా తుప్పు మచ్చలు వచ్చి, ఆకు వంచితే పుటుక్కున విరిగితే అది జింకు లోపం. చలికి వేరు మందగించి యాసంగిలో ఇది ఎక్కువ. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు, ఐదు రోజుల తేడాతో రెండుసార్లు కొట్టండి. మచ్చ నూలు కండె ఆకారంలో, నడుమ బూడిద రంగులో ఉంటేనే అగ్గి తెగులు. దానికి ట్రైసైక్లజోల్ లీటరుకు 0.6 గ్రాములు చాలు. యూరియా మాత్రం ఆపండి. రాత్రి చలి, పొద్దున మంచు ఉన్నప్పుడు అదనపు నత్రజని అగ్గి తెగులును పిలిచి తెచ్చుకోవడమే. అనుమానం తీరకపోతే రెండు కుదుళ్లు పీకి పొలాస పరిశోధన స్థానానికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మక్క సుడిలో పురుగు పడ్డది. పోయిన్నాడు మూడుసార్లు కొట్టినా చావలేదు.
– హుజూరాబాద్

జవాబు: తల మీద తిరగేసిన 'వై' గుర్తు, తోక దగ్గర చతురస్రంగా నాలుగు చుక్కలు ఉంటే కత్తెర పురుగు. 2018లో కర్ణాటకలో మొదట కనిపించి, ఆ ఏడే మన రాష్ట్రానికీ వచ్చింది. చావకపోవడానికి కారణం తరచుగా ఆలస్యమే. చిన్న పురుగు ఆకును గీకితే తెల్లటి పొర మిగులుతుంది. మందు పనిచేసేది అప్పుడే. సుడిలో రంపపు పొట్టులాంటి పెంట కనిపించే నాటికి పురుగు ముదిరి, లోపల దాక్కుంటుంది. మొలిచిన వారం నుంచే ఐదు చోట్ల, చోటుకు ఇరవై మొక్కలు చూడండి. నూటికి ఐదు మొక్కల్లో గీతలుంటే లీటరుకు 5 మి.లీ. వేపనూనె (1500 పీపీఎం), పది దాటితే ఎమామెక్టిన్ బెంజోయేట్ 0.4 గ్రాములు. సాయంత్రం పూట, సుడిలోకే పడేలా కొట్టాలి.

ప్రశ్న: నల్లరేగడిలో శనగ. కాయ దశలో మొక్కలు గుంపులుగా ఎండుతున్నయి.
– జైనథ్ మండలం, ఆదిలాబాద్

జవాబు: పీకి చూడండి. తల్లి వేరు నల్లబడి, పిల్ల వేర్లు లేకుండా, పుల్లలా విరిగితే ఎండు వేరుకుళ్లు. వేరు బాగానే ఉండి, కాండం చీల్చితే లోపల నల్లటి చార కనిపిస్తే ఎండు తెగులు. రెండింటికీ ఇప్పుడు మందు మీద డబ్బు పెట్టడం వృథా. వేరుకుళ్లయితే, వీలుంటే ఒక తేలికపాటి తడి ఇవ్వండి. వచ్చే ఏడు ఆ చెలకలో జొన్న వేయండి. మళ్లీ శనగ వేసేనాడు కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా పట్టించండి.

ప్రశ్న: మా ఇంటాయన మందు కొట్టొచ్చిన రాత్రి తలనొప్పి, వాంతులు అంటడు. పొద్దుగాల మళ్లీ పోతడు. ఏం జేయాలె?
– ఒక అక్క, బేల మండలం

జవాబు: అమ్మా, దీన్ని మామూలు నీరసం అనుకోవద్దు. మీ మండలం పక్కనే ఉన్న యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తికి మందు కొట్టిన రైతులు, కూలీలు ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆయనను రేపు పొలానికి పంపకండి. మందు డబ్బా వెంట తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి, డబ్బా మీద పేరు చూస్తేనే సరైన వైద్యం అందుతుంది. ఆ బట్టలు విడిగా ఉతకండి. ఇకపై గాలికి ఎదురుగా కొట్టనివ్వకండి. నిండు చేతుల చొక్కా, చేతికి తొడుగులు, ముక్కుకు మాస్కు లేకుండా పంపు భుజానికెత్తనివ్వకండి. వారానికోసారి మీరిద్దరూ కలిసి పొలం తిరిగి లెక్క చూడండి, కొట్టాల్సిన మందు సగం తగ్గినా ఆయన ఒంటికి అంత మేలు. మళ్లీ వాంతులు, చెమటలు, చూపు మసకబారడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.