ఆటగాడిని బట్టి వ్యూహం

సాయంకాలవేళ జహీరాబాదులోని ఏ కళాశాల మైదానంలోనైనా విద్యార్థులు ఫుట్‌బాల్ ఆడే తీరును గమనించండి. జట్టులో నేర్పరి ఒకడుంటే బంతిని అతనికే అప్పగించి తక్కినవారు చూస్తూ నిలబడతారు. ఉత్తమ క్రీడాకారుణ్ణి ఆధారం చేసుకోవడమంటే ఇదేనా? కాదని నిరూపించిన మహనీయుడు హైదరాబాదు నగరానికి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం 1909లో జన్మించారు. వృత్తిచేత ఉపాధ్యాయులు. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులుగా ఉన్నారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును గెలుచుకున్నది. భారత జట్టు ఆయన శిక్షణలో 1951 ఆసియా క్రీడలలో స్వర్ణపతకం సాధించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది.

మంచి ఉపాధ్యాయుడు ప్రతి విద్యార్థి శక్తిని గుర్తించి పాఠం చెప్పినట్లే, రహీం ప్రతి క్రీడాకారుని బలాన్ని గుర్తించి వ్యూహం రచించేవారు. బంతిని ఒక్కరే అట్టిపెట్టుకోకుండా వెంటవెంటనే అందించుకోవాలన్నది ఆయన బోధించిన ప్రధాన సూత్రం. ఎంతటి మేటి ఆటగాడికైనా సరైన చోట, సరైన క్షణంలో బంతి అందకపోతే అతని నైపుణ్యం వృథా అవుతుంది. ఆ బంతిని అందించవలసినవారు తక్కిన సహచరులే కదా!

1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలు ఈ సూత్రానికి పరీక్షగా నిలిచాయి. తొలి పోటీలోనే భారత్ దక్షిణ కొరియా చేతిలో 0-2 తేడాతో ఓడిపోయింది. థాయిలాండ్‌తో జరిగిన పోటీలో జట్టు రక్షణకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమైంది, కుట్లు పడ్డాయి. ఎత్తుగా వచ్చే బంతులను తలతో అడ్డుకొనడం రక్షకుని నిత్యకృత్యం. గాయపడినవానిని ఆ స్థానంలో నిలపడం ప్రమాదకరం. అంతటి ధీరుణ్ణి వదులుకొనడం నష్టకరం. రహీం ఒక సాహసం చేశారు. రక్షణ భారాన్ని అరుణ్ ఘోష్ మొదలైనవారికి అప్పగించి, జర్నైల్‌ను దాడిచేసే ముందు వరుసకు మార్చారు. పి.కె. బెనర్జీ, చున్నీ గోస్వామి, సికింద్రాబాదు ప్రాంతీయుడైన తులసీదాస్ బలరాం ఆ దాడిలో అతనికి తోడైనారు.

జర్నైల్ సెమీఫైనల్లోనూ గోలు చేశాడు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లో తిరిగి దక్షిణ కొరియాయే ఎదురైంది. ఆ పోటీకి పొడగరి పీటర్ తంగరాజ్ గోలు కాపలాదారుగా నిలిచాడు. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ మరొక గోలు సాధించగా భారత్ 2-1 తేడాతో విజయం పొందింది. అప్పటికే క్యాన్సర్ వ్యాధితో బాధపడుతున్న రహీం 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు అదే చివరి స్వర్ణపతకం.

వ్యూహం కోసం ఆటగాడు కాదు, ఆటగాడి కోసం వ్యూహం. అయితే ఆ ఒక్కడు వెలగడానికి తక్కిన పదిమందీ తమ స్థానాలలో మెలకువగా ఉండాలి. మీ కళాశాల జట్టులో మేటి ఆటగాడు ఎవరని అడగడంతోపాటు, అతనికి బంతి అందించేది ఎవరని కూడా అడగండి.

ప్రశ్నలు

1. జర్నైల్ సింగ్ స్థానాన్ని రహీం ఎందుకు మార్చారు?
2. ఉత్తమ క్రీడాకారుని విజయంలో సహచరుల పాత్రను వివరించండి.
3. రహీం ఉపాధ్యాయ వృత్తికీ, శిక్షణ పద్ధతికీ గల సంబంధాన్ని తెలపండి.