ఔషధ ప్రయోగంలో చేరే ముందు

1947లో బోస్టన్ నగరంలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు అమినోప్టెరిన్ అనే కొత్త మందు ఇచ్చి చూశారు. దానిని సమకూర్చినది లెడర్లీ ప్రయోగశాలలో మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం. 1948లో ప్రకటించిన ఫలితాలలో 16 మందిలో 10 మందికి గుణం కనిపించింది. అయితే అది తాత్కాలికమే. నేటి చికిత్సకు అది తొలిమెట్టు అయినది గాని, ఆ పిల్లలను కాపాడలేకపోయింది.

రోగులు గ్రహించవలసిన మొదటి విషయం ఇదే. ప్రయోగం ఉద్దేశం కొత్త విషయం తెలుసుకోవడం. చేరిన ప్రతివారికీ మేలు జరుగుతుందన్న హామీ లేదు. మొదటి దశలో కొద్దిమందిపై మందు భద్రతను, తగిన మోతాదును పరిశీలిస్తారు. రెండవ దశలో గుణాన్ని, మూడవ దశలో వందల నుండి వేల మందిపై ఇతర చికిత్సతో పోల్చి చూస్తారు. ఎవరికి ఏ మందో చాలా ప్రయోగాలలో చీటీలు వేసినట్లు నిర్ణయిస్తారు. అది తరచు వైద్యునికి కూడా తెలియదు.

అమెరికాలో 1932 నుండి 1972 వరకు టస్కీగీలో సిఫిలిస్ ఉన్న దాదాపు 400 మంది నల్లజాతి పురుషులకు నిజం చెప్పక, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వక, పరిశీలిస్తూ పోయారు. ఆ ఘోరం బయటపడిన పిమ్మట 1974లో చట్టం వచ్చింది. నేటి సమ్మతి పత్రం వెనుక ఆ చరిత్ర ఉన్నది.

మన పెద్దలు "అబ్బాయి చదివాడు, చాలు" అని సంతకం చేస్తారు. అబ్బాయి ప్రేమకొద్దీ భయపెట్టే మాటలు దాటవేస్తాడు. రోగికి అర్థమయ్యే భాషలోనే వివరించాలన్నది ఇక్కడి నిబంధన. కనుక తెలుగు దుబాసీని అడగండి. పత్రం ఇంటికి తెచ్చుకుని చదవండి. ఈ ప్రశ్నలు వేయండి:

1. చేరకపోతే నాకున్న చికిత్స ఏమిటి?
2. ఇంతవరకు కనిపించిన దుష్ఫలితాలు ఏవి?
3. ఖర్చులో నా వంతు ఎంత?
4. హాని జరిగితే వైద్యం ఎవరు చేయిస్తారు?
5. ప్రయోగం ముగిశాక మందు దొరుకుతుందా?

రసాయన శాస్త్రజ్ఞుడిగా మరొక్క మాట. లేహ్యమైనా, మాత్రయైనా కాలేయానికి భేదం లేదు. అక్కడి ఎంజైములపై ఒకటి పనిచేసి, మరొకదాని ప్రభావాన్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు. ఇండియా నుండి తెచ్చుకున్న మందులన్నీ దాచక చూపండి.

చేరిన తరువాత కూడా ఎప్పుడైనా విరమించుకునే హక్కు మీది. అందువలన మీ మామూలు వైద్యానికి లోపం రాకూడదు. అయితే మందును హఠాత్తుగా మానక, వైద్యునికి చెప్పి మానండి. తెలిసి చేసిన సంతకమే సమ్మతి. మొహమాటంతో చేసినది కాదు.