వికలాంగుల పింఛను – ఋణదాత హక్కు

మాంగనీసు గనులకు పేరొందిన విజయనగరము జిల్లా గరివిడి ప్రాంతమున, రాష్ట్రమందలి ఇతర గ్రామములలో వలెనే, వికలాంగులకు ప్రభుత్వ పింఛను నెల మొదట ఇంటివద్దనే అందుచున్నది. 2024 జూలై నుండి ఆ మొత్తము నెలకు రూ. 6,000. దానిపై ఋణదాత కన్ను పడుట క్రొత్త కాదు.

1871 నాటి పింఛనుల చట్టము ఈ విషయమున మిక్కిలి స్పష్టముగా నున్నది. పూర్వసేవకు గాని, ప్రస్తుత అశక్తతకు గాని, దయాభృతిగా గాని ప్రభుత్వ మిచ్చు పింఛనును ఋణదాత కోరికపై ఏ న్యాయస్థానమును జప్తు చేయరాదని 11వ విభాగము చెప్పుచున్నది. 12వ విభాగము అంతకన్నను ముఖ్యము. సామాన్యులకు తెలియనిదియు అదియే. ఇకముందు రావలసిన పింఛనును అప్పునకు హామీగా వ్రాసి యిచ్చిన పత్రము, వ్రేలిముద్ర వేసినదైనను, చెల్లదు. కావున పింఛను పుస్తకమును గాని, బ్యాంకు కార్డును గాని వడ్డీవ్యాపారి యొద్ద నుంచవలసిన పని లేదు. ఇదివరకే ఉంచినచో తిరిగి అడుగవచ్చును.

అయితే అప్పు మాత్రము రద్దు కాదు. ఋణదాత దావా వేసి, ఇతర ఆస్తిపై డిక్రీ అమలు కోరవచ్చును. అందునను 1908 నాటి సివిల్ ప్రక్రియా స్మృతి 60వ విభాగము వంటపాత్రలను, కట్టుబట్టలను, చేతివృత్తి పనిముట్లను జప్తు నుండి మినహాయించినది. ఆ మినహాయింపును వదలుకొందునని ఋణగ్రస్తుడు వ్రాసి యిచ్చినను, 1976 నాటి సవరణ మేరకు ఆ ఒడంబడిక చెల్లదు.